బి.జెడ్.సి. చదివితే ఏమొస్తుంది?



ఏటా పరీక్షా ఫలితాలు వచ్చే రోజుల్లో మా సంఘాల్లో ఒక మాట తరచుగా వినబడుతుంది. బై.పి.సి. చదివిన బిడ్డకు నీట్‌లో మంచి ర్యాంకు వస్తే ఆ ఇంట కృతజ్ఞతా కూడిక పెడతారు. రాకపోతే చుట్టుపక్కలవారు పరామర్శకు వచ్చినట్టు వస్తారు. "పోనీలెండి, ఖాళీగా ఉండకుండా ఏ బి.జెడ్.సి.లోనో వేసేయండి" అంటారు. పాత బట్టలు మూటగట్టి అటక మీద వేసినట్టు, బిడ్డను ఒక చదువులో వేసేయడం! ఆ బిడ్డ తలుపు చాటున నిలబడి ఆ మాట వింటూ ఉంటుంది. ఆ చదువులో ఏముందో తెలియకుండానే అది ఓడిపోయినవాళ్ళ చదువని అనేసుకుంటుంది.

మేము సంఘ కాపరులం. వేదాంత డిప్లొమా చదివాము గాని కాలేజీలో సైన్సు చదివినవాళ్ళం కాము. అయితే మా పెద్దమ్మాయి 2021లో నీట్ రాసింది. వచ్చిన ర్యాంకుకు సీటు అందదని తేలింది. "నాన్నా, మళ్ళీ ఏడాది కోచింగ్ వద్దు. బి.జెడ్.సి.లో చేరతాను. నాకు జంతుశాస్త్రం ఇష్టం" అంది. మేమిద్దరం ప్రార్థించి, సరేనన్నాము. పట్నంలోని ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో చేరింది. ఆ మూడేళ్ళూ రాత్రి భోజనాలయ్యాక తాను చదివింది మాకు చెప్పేది. ఆ విధంగా మేమూ కొంత నేర్చుకున్నాము. అదే మీతో పంచుకోవాలని ఈ వ్యాసం.

బి.జెడ్.సి. అంటే వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, రసాయనశాస్త్రం. వీటిలో కణజీవశాస్త్రం, పిండోత్పత్తి శాస్త్రం అని రెండు భాగాలున్నాయి. కణం లోపల ఏం జరుగుతుందో మొదటిది చెబుతుంది. ఒక్క కణం నుంచి పూర్తి శరీరం ఎలా తయారవుతుందో రెండవది చెబుతుంది. అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు ఇర్వైన్ శాఖ వంటి చోట్ల ఈ రెంటినీ కలిపి ప్రత్యేకంగా ఒక డిగ్రీగానే చదువుతారు. మన దగ్గర అవి కొన్ని పేపర్లు. పేపర్లు కొన్నే అయినా, మా అమ్మాయి మనసు పట్టుకున్నవి అవే.

మొదటి ఏడు సులువుగా గడవలేదు. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివిన పిల్ల. తరగతిలో బ్లాస్టులా, గాస్ట్రులా అంటుంటే ఏమీ అర్థమయ్యేది కాదు. ఎవరో సీనియరు దగ్గర పాత తెలుగు అకాడమీ పుస్తకం ఒకటి సంపాదించింది. సంయుక్త బీజం, విదళనం, సమవిభజన అని అందులోని తెలుగు మాటలు చదివి, పక్కన ఇంగ్లీషు మాట రాసుకొని, రెండూ కలిపి నేర్చుకుంది. మన పల్లె పిల్లలు చాలామంది పడే కష్టమే ఇది. తెలివి లేక కాదు, మాట అందక వెనకబడతారు. మాట అందితే ముందుకు సాగుతారు.

ఒకనాడు వంటింట్లో గ్లాసు నిండా నీళ్ళు పోసి, దాని మూతి మీద ఉల్లిపాయను కూర్చోబెట్టింది. రెండు మూడు రోజుల్లో తెల్లని వేర్లు దిగాయి. ఆ వేరు కొనలు కోసి కాలేజీకి పట్టుకెళ్ళింది. వాటికి రంగు పట్టించి, గాజుపలక మీద పెట్టి, బొటనవేలితో మెల్లగా అదిమి, సూక్ష్మదర్శినిలో చూడాలి. ఒక కణం రెండవుతూ ఉంటే, లోపలి క్రోమోజోములు సమంగా రెండు వైపులకు విడిపోవడం కనబడుతుందట. ఆ రోజు ఇంటికి వచ్చి, "అమ్మా, మనం రోజూ తరిగి పారేసే ఉల్లిపాయలో ఎంత క్రమం ఉందో!" అంది.

కణం అన్న సంగతి లోకానికి తెలిసి ఎంతో కాలం కాలేదు. 1665లో రాబర్ట్ హుక్ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు బెరడు ముక్కలో చిన్న చిన్న గదులు చూసి వాటిని వర్ణించాడు. జీవులన్నీ కణాలతోనే ఏర్పడ్డాయని 1838, 1839 సంవత్సరాల్లో జర్మనీవారు ష్లైడన్, ష్వాన్ చెప్పారు. ప్రతి కణమూ మరో కణం నుంచే పుడుతుందని 1855లో విర్కో అనే వైద్యుడు ప్రకటించాడు. మన శరీరంలో సుమారు 30 లక్షల కోట్ల కణాలున్నాయని శాస్త్రజ్ఞుల లెక్క. అవన్నీ తల్లి కడుపులో పడిన ఒకే ఒక్క కణం నుంచి వచ్చినవే.

ఇక కోడిగుడ్డు సంగతి. మన ఇళ్ళలో పెద్దవాళ్ళకు ఇది కొత్త కాదు. కోడిని పొదగేసిన ఐదారు రోజులకు గుడ్డును దీపానికి అడ్డంపెట్టి చూసి, లోపల ఎర్రటి నరాలు కనబడితే నిలిచిందని, లేకపోతే మురిగిందని చెప్పే మామ్మలు ప్రతి ఊళ్ళో ఉండేవారు. 21 రోజులకు పిల్ల అవుతుందని వాళ్ళకు తెలుసు. ఆ 21 రోజుల్లో లోపల ఏం జరుగుతుందో కాలేజీలో నేర్పుతారు. 24 గంటలు, 33 గంటలు, 48 గంటలు, 72 గంటలు, 96 గంటలు అని వరుసగా పిండం స్లైడులు ఉంటాయి. రెండో రోజులోనే గుండె కొట్టుకోవడం మొదలవుతుంది. అప్పటికి అది చిన్న గొట్టం మాత్రమే. ఇంకా రెక్క లేదు, కాలు లేదు, ముక్కు లేదు. మొట్టమొదట పని మొదలుపెట్టేది గుండె.

గుడ్లను రోజుకొకటి చొప్పున పగలగొట్టి పిండం పెరుగుదలను గమనించి రాసినవాడు, క్రీస్తుకు మూడు వందల ఏళ్ళకు పైగా ముందు జీవించిన గ్రీకు దేశపు అరిస్టాటిల్. ఇప్పటి పిల్లలకు జంతువులను కోయవలసిన అవసరం బాగా తగ్గింది. జంతుశాస్త్రం ప్రాక్టికల్స్‌లో కోతలు మానాలని 2014లో యు.జి.సి. సూచించింది. ముందే సిద్ధం చేసిన స్లైడులు, నమూనాలు, కంప్యూటరు బొమ్మలు చూసి నేర్చుకుంటారు. కప్పను కోయాలని భయపడి ఈ చదువు మానుకునే ఆడపిల్లలు ఈ సంగతి గమనించగలరు.

ఒక్క కణం రెండై, నాలుగై, వేలుగా మారినప్పుడు ఇది కన్ను, ఇది చెయ్యి అని ఎవరు చెబుతారు? ఈ ప్రశ్న మీద ఎందరో జీవితాలు ధారపోశారు. వారిలో జర్మనీకి చెందిన హిల్డా మాంగోల్డ్ అనే విద్యార్థిని కథ మా అమ్మాయి చెప్పగా మేము విన్నాము. ఆమె తన గురువు స్పేమాన్ వద్ద పిండాల మీద పరిశోధన చేసింది. సాలమాండరు అనే బల్లి ఆకారపు నీటి జీవి పిండంలో ఒక చిన్న భాగాన్ని తీసి, మరో పిండం పొట్టవైపు అతికించింది. అతికించిన చోట ఇంకొక శరీరమే తయారవసాగింది. అంటే ఆ చిన్న భాగం చుట్టూ ఉన్న కణాలకు మీరు ఇది కండి, మీరు అది కండి అని చెబుతుందన్నమాట. ఆ పరిశోధన 1924లో వెలువడింది. అదే సంవత్సరం వంటింట్లో జరిగిన అగ్నిప్రమాదంలో, ఇరవై ఐదేళ్ళ వయసులో ఆమె మరణించింది. గురువుకు 1935లో నోబెల్ బహుమానం వచ్చింది.

ఇంకొక సంగతి మాకు మరీ ఆశ్చర్యం కలిగించింది. కోడి పాదాన్నీ బాతు పాదాన్నీ మీరు చూసే ఉంటారు. కోడికి వేళ్ళు విడివిడిగా ఉంటాయి. బాతుకు వేళ్ళ మధ్య చర్మం ఉంటుంది. పిండంలో ఉన్నప్పుడు రెంటికీ చర్మం ఉంటుందట. కోడిలో ఆ మధ్యనున్న కణాలు తమంతట తామే చనిపోయి వేళ్ళు విడిపోతాయి. బాతులో అవి నిలిచిపోతాయి. మన చేతులూ అంతే. తల్లి కడుపులో మొదట తెడ్డులా ఉండి, మధ్య కణాలు తొలగిపోతే వేళ్ళవుతాయి. కొన్ని కణాలు సమయానికి తప్పుకొంటేనే శరీరం పూర్తవుతుంది. ఏది ఎప్పుడు కలవాలో, ఏది ఎప్పుడు విడిపోవాలో, అంతా రోజుల లెక్క ప్రకారం జరుగుతుంది.

ఈ రోజుల లెక్కే మా సంఘంలో ఒక తల్లి కన్నీళ్ళు తుడిచింది.

2023లో, సంక్రాంతి వెళ్ళిన వారం, మా సంఘంలో ఒక కుటుంబంలో పాప పుట్టింది. పై పెదవి చీలి ఉంది. మన వాడుకలో దాన్ని గ్రహణం మొర్రి అంటాము. ఆ పేరులోనే తల్లి మీద నింద ఉంది. మేము ప్రార్థనకు వెళ్ళినప్పుడు ఆ ఇంటి పెద్దావిడ, "గ్రహణం నాడు కత్తిపీట ముందు కూర్చుంది అయ్యగారూ. వద్దంటే విన్లేదు. ఇదిగో, దాని ఫలితం పసిదాని మొహం మీద పడింది" అంది. 2022 అక్టోబరు 25న, దీపావళి మర్నాటి సాయంత్రం, పాక్షిక సూర్యగ్రహణం వచ్చింది. ఆ కోడలు ఆ వేళ కూరగాయలు తరిగిందట. మేము వెళ్ళేసరికి ఆ బాలింత గోడవైపు తిరిగి పడుకొని ఉంది. పాపకు పాలు పట్టడం చేతకాక, తప్పు తనదేనని నమ్మి, ఎవరితోనూ మాట్లాడకుండా ఉంది.

ఆ ఆదివారం మా అమ్మాయి ఇంటికి వచ్చింది. సంగతి విని తన పుస్తకం తీసుకొని మాతో వచ్చింది. బాలింత పక్కన కూర్చొని, "అక్కా, గ్రహణం నాటికి నీకు ఎన్నో నెల?" అని అడిగింది. "ఆరు నిండాయి" అందామె. అప్పుడు పుస్తకంలో బొమ్మ చూపించింది. బిడ్డ ముఖం తల్లి కడుపులో వేరువేరు ముక్కలుగా మొదలై, మధ్యకు వచ్చి కలుస్తుంది. పై పెదవి కలిసే పని నాలుగో వారం నుంచి ఏడో వారం లోపే పూర్తవుతుంది. "అంటే నీకు జూన్ నెల వెళ్ళకముందే పాప పెదవి ఏర్పడడం అయిపోయింది అక్కా. గ్రహణం వచ్చింది అక్టోబరులో. అయిపోయిన పనిని నువ్వు కత్తిపీటతో ఎలా చెడగొడతావు?" అంది.

ఆ బాలింత వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టుకుంది. మళ్ళీ లెక్కపెట్టుకుంది. తర్వాత చాలాసేపు ఏడ్చింది. అత్తగారు ఏమీ అనలేదు. కాసేపటికి లేచి వెళ్ళి కోడలికి వేడి పాలు తెచ్చి ఇచ్చింది.

పెదవి చీలడానికి చాలాసార్లు ఫలానా అని ఒక్క కారణం చెప్పడానికి ఉండదు. వంశంలో ఉన్న లక్షణాలు, తల్లి వాడిన కొన్ని రకాల మందులు, పొగాకు, మధుమేహం వంటివి కారణాలు కావచ్చు. గ్రహణం మాత్రం కాదు. దీనికి చికిత్స ఉంది. సాధారణంగా బిడ్డకు మూడు నెలలు దాటాక పెదవికి శస్త్రచికిత్స చేస్తారు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో ఇటువంటి పుట్టు లోపాలను గుర్తించి, ఉచితంగా చికిత్సకు పంపే ఏర్పాటు ఉంది. ఆశా కార్యకర్తను గాని, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో గాని అడగండి. మా సంఘంలోని ఆ పాపకు ఐదో నెలలో పెదవి కుట్టారు. ఇప్పుడు ఆదివారపు బడిలో అందరికంటే గట్టిగా పాడుతుంది.

పుట్టు గుడ్డివాణ్ణి చూసి, ఇది ఇతని పాపమా, కన్నవారి పాపమా అని శిష్యులు ప్రభువును అడిగిన సంగతి యోహాను సువార్త 9వ అధ్యాయంలో మనకు తెలుసు. ఎవరిదీ కాదని ఆయన చెప్పాడు. ఆ అధ్యాయం మీద మేము ఎన్నోసార్లు ప్రసంగించాము. మా అమ్మాయి ఆ రోజు ఒక బొమ్మా, ఒక నెలల లెక్కా చూపించి, అదే మాట ఆ తల్లికి నమ్మకం కలిగేలా చెప్పింది.

ఈ చదువు మన ఇళ్ళకు ఉపయోగపడే మరో సంగతి ఉంది. బిడ్డ మెదడు, వెన్నుపాము మొదట ఒక రేకులా ఉండి, అంచులు పైకి లేచి, కలుసుకొని గొట్టం అవుతాయి. గర్భం నిలిచిన నాటి నుంచి 28 రోజుల్లోపు ఆ గొట్టం మూసుకోవాలి. మూసుకోకపోతే వెన్ను తెరుచుకొని ఉండడం, తల సరిగా ఏర్పడకపోవడం జరుగుతాయి. నెల తప్పిందని తెలిసి ఆసుపత్రికి వెళ్ళేసరికే చాలామందికి ఆ 28 రోజులు దాటిపోతాయి. అందుకే గర్భం రాకముందు కనీసం ఒక నెల నుంచి, తొలి మూడు నెలలూ, రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం వేసుకోవాలని వైద్యులు చెబుతారు. అంతకుముందు అలాంటి బిడ్డను కన్న తల్లులు గర్భానికి ముందే ఎక్కువ మోతాదు వేసుకుంటే, ఆ లోపం మళ్ళీ వచ్చే ప్రమాదం 72 శాతం తగ్గిందని 1991లో ఏడు దేశాల్లో జరిగిన పరిశోధన చూపించింది. ఆ మోతాదు మాత్రం వైద్యుని సలహాతోనే వాడాలి.

ఈ ఫోలిక్ ఆమ్లం కథలో మన తెలుగువాడు ఉన్నాడు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మెట్రిక్యులేషన్ మూడోసారికి గాని గట్టెక్కలేదు. ఆయన సోదరులిద్దరు స్ప్రూ అనే వ్యాధితో చనిపోయారు. తర్వాత ఆయన అమెరికా వెళ్ళి, లెడర్లీ ప్రయోగశాలలో నడిపించిన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. అది స్ప్రూ వ్యాధికి మందైంది. ఆయన 1948లో మరణించారు. పుట్టబోయే బిడ్డల వెన్నును కూడా ఆ మందు కాపాడుతుందని ఋజువైంది ఆయన పోయిన ఎన్నో ఏళ్ళకు.

ఆడపిల్ల పుట్టిందని కోడలిని నిందించే ఇళ్ళు మన సంఘాల్లోనూ లేకపోలేదు. తల్లి అండంలో ఎప్పుడూ ఎక్స్ క్రోమోజోమే ఉంటుంది. తండ్రి శుక్రకణంలో ఎక్స్ గాని వై గాని ఉంటుంది. వై వస్తే మగబిడ్డ. 1905లో నెట్టీ స్టీవెన్స్ అనే అమెరికా శాస్త్రవేత్త పిండి పురుగుల కణాలలో ఈ తేడాను చూసింది. బిడ్డ ఆడో మగో నిర్ణయమయ్యేది తండ్రి నుంచి వచ్చిన కణంతోనే. అందులోనూ తండ్రి చేయగలిగింది ఏమీ లేదు. ఈ పాఠం చదివిన పిల్ల ఇంట్లో ఉంటే, ఆ ఇంట ఆ నింద నిలవదు.

"సైన్సు చదివితే విశ్వాసం పోతుందేమో, పరిణామ సిద్ధాంతం చెబుతారట" అని కొందరు తల్లిదండ్రులు మమ్మల్ని అడుగుతారు. చెబుతారు, దాచేదేముంది? ఈగ శరీరంలో తల ఎటో తోక ఎటో నిర్ణయించే జన్యువుల వంటివే మన శరీరంలోనూ ఉన్నాయని కూడా చెబుతారు. ఈగ పిండాల మీద పరిశోధించిన ముగ్గురికి 1995లో నోబెల్ బహుమానం ఇచ్చారు. బిడ్డను భయపెట్టి ప్రశ్నలు అడగకుండా చేయడం విశ్వాసాన్ని కాపాడడం కాదు. బఠానీ మొక్కల మీద పరిశోధించి 1866లో వంశపారంపర్య సూత్రాలు ప్రచురించిన మెండెల్ మఠంలో ఉన్న సన్యాసి. శరీరం ఎలా రూపొందిందో తెలిసినంత మాత్రాన, ఎవరు రూపొందించారన్న ప్రశ్న చెరిగిపోదు. మా అమ్మాయి ప్రార్థన ఈ చదువుతో ఇంకా లోతైందనే మేము చెప్పగలము.

బ్రతుకు తెరువు మాటేమిటి అంటారా? ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. డిగ్రీ కాగితం చేతికి రాగానే పెద్ద జీతం రాదు. కోస్తా తీరంలో రొయ్య పిల్లల హేచరీలు ఉన్నాయి. గుడ్డు నుంచి రొయ్య పిల్ల అయ్యేవరకు దశలన్నీ తెలిసినవాళ్ళు అక్కడ కావాలి. కోళ్ళ హేచరీలు ఉన్నాయి. రైతులు వేసే టిష్యూ కల్చర్ అరటి మొక్కలు కణశాస్త్రం ఇచ్చినవే. 1964లో ఢిల్లీలో శిప్రా గుహ, మహేశ్వరి అనే ఇద్దరు ఉమ్మెత్త పువ్వు పుప్పొడి తిత్తుల నుంచి మొక్కలు పుట్టించి లోకాన్ని ఆశ్చర్యపరిచారు. బి.ఇడి. చేసి పాఠం చెప్పవచ్చు. ఎం.ఎస్సీ. చేసి సంతాన సాఫల్య కేంద్రాల్లో పిండశాస్త్ర నిపుణులు కావచ్చు. పరిశోధన చేయాలనుకుంటే హైదరాబాదులోనే 1977లో నెలకొల్పిన సి.సి.ఎం.బి. ఉంది. దారి పొడుగు, ఓపిక కావాలి. మా అమ్మాయి 2024లో డిగ్రీ ముగించి ఎం.ఎస్సీ.లో చేరింది.

మార్కులు తక్కువ వచ్చిన బిడ్డలకు ఒక మాట. ఇంగ్లాండులో జాన్ గర్డన్ అనే అబ్బాయి 1949లో బడిలో జీవశాస్త్రంలో 250 మందిలో చివరివాడు. శాస్త్రజ్ఞుడు కావాలనుకోవడం ఇతనికి వట్టి కాలయాపన అని ఉపాధ్యాయుడు రిపోర్టులో రాశాడు. అతడే తర్వాత జంతుశాస్త్రం చదివి, తోకకప్ప పేగులోని కణ కేంద్రకాన్ని తీసి, కేంద్రకం పోగొట్టిన గుడ్డులో పెట్టి, కప్పను పుట్టించాడు. ఎదిగిన కణంలో కూడా పూర్తి శరీరానికి కావలసిన సమాచారమంతా నిలిచే ఉంటుందని తేల్చాడు. 2012లో నోబెల్ బహుమానం అందుకొని, 2025లో తొంభై రెండేళ్ళ వయసులో కన్నుమూశాడు. ఆ రిపోర్టును చట్రం కట్టించి తన బల్ల దగ్గరే ఉంచుకున్నాడట.

తల్లిదండ్రులారా, ఈసారి మీ బిడ్డ డిగ్రీ సైన్సులో చేరతానంటే, "వేసేయండి" అనే మాట ఇంట్లో వినబడనివ్వకండి. ఏం చదువుతున్నావని రోజూ రాత్రి ఒక్క పది నిమిషాలు అడగండి. అర్థం కాకపోయినా వినండి. సంఘ పెద్దలారా, డాక్టరు సీటు వచ్చిన బిడ్డకు కప్పే శాలువ, డిగ్రీలో చేరిన బిడ్డకూ కప్పండి. స్త్రీల సమాజంలో నెలకొకసారి ఇలాంటి అమ్మాయిని నిలబెట్టి, గర్భం గురించీ పుట్టుక గురించీ తాను చదివింది చెప్పమనండి. మన ఊళ్ళలో ఇంకా ఎందరు తల్లులు గోడవైపు తిరిగి పడుకొని ఉన్నారో మనకు తెలియదు.